ఏడుసార్లు తిరగరాసిన ఉత్తరం

టీవీ సీరియల్లో ఒకావిడ టీ తాగుతూ ఏడుస్తోందనుకోండి. కప్పు కుడిచేతిలో ఉంది. కెమెరా ఆవిడ మొహం దగ్గరికి వెళ్ళి వచ్చేసరికి అదే కప్పు ఎడంచేతిలో ఉంటుంది. ఇంట్లో కూచున్నవాళ్ళు ఆవిడ ఏడుపు వదిలేసి, "చెయ్యి మారింది చూశావా" అని ఒకళ్ళనొకళ్ళు పొడుచుకుంటారు. అలా పొడుచుకోకుండా ఉండటానికి షూటింగుల్లో ప్రత్యేకంగా ఒక మనిషి ఉంటుంది. కెమెరా పక్కన స్టూలు వేసుకుని, ఒళ్ళో నోటుపుస్తకం పెట్టుకుని, ఎవరి చేతిలో ఏముంది, జడ ముందుకుందా వెనక్కుందా, గ్లాసులో నీళ్ళు ఎంతవరకున్నాయి, కిటికీ రెక్క ఎంత తెరిచుంది, అన్నీ రాసుకుంటుంది. ఆ ఉద్యోగాన్ని కంటిన్యూటీ అంటారు. లైట్ల వాళ్ళకి ఆ మాట నోరు తిరగక, ఎప్పుడో "పొంతనక్క" అన్నారు. అన్నిటికీ పొంతన కుదర్చడమే కదా ఆవిడ పని. ఇరవై ఆరేళ్ళలో ఆ పేరు ఎంత అతుక్కుపోయిందంటే, హాజరు పట్టీలో అసలు పేరు రాస్తే ఇదెవరని అడుగుతారు.

యాభై నాలుగేళ్ళ మనిషి. సన్నగా, పొడుగ్గా, కళ్ళజోడు తాడుకి కట్టి మెళ్ళో వేసుకుని తిరుగుతుంది. పెళ్ళి మాట ఎత్తిన ప్రతివాళ్ళకీ "ఈ షెడ్యూలు అవనివ్వండి" అంటూ వచ్చింది. ఆ షెడ్యూలు అవలేదు. పని పిచ్చి ఇంటిదాకా పాకింది. ఎవరింటికైనా వెళ్తే కూచోకముందే "పోయినసారి గడియారం ఆ గోడకుండేది" అంటుంది. కూరగాయలమ్మి బుట్టలో టమాటాలు ఎడంవైపు నుంచి కుడివైపుకి మారితే నిలబడి ఆలోచిస్తుంది. "నిన్ను కట్టుకున్నవాడు బనీను తిరగేసి వేసుకుంటే చచ్చేవాడే. దేవుడు వాణ్ణి కాపాడాడు" అని ఒక స్నేహితురాలు ఏడిపించేది.

స్నేహితురాళ్ళంటే ఇద్దరే. ఒకావిడ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైంది. ఇంకొకావిడ టైలరు, బస్టాపు ఎదురుగా చిన్న కొట్టు. ఈ ముగ్గురూ ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళ వయసులో మేడమీద ఒకే గదిలో అద్దెకుండేవాళ్ళు. అప్పుడు నలుగురు. నాలుగో అమ్మాయి పోయి ముప్పై ఒక్క ఏళ్ళయింది. ఆ అమ్మాయి తల్లిని ముగ్గురూ "పిన్నీ" అని పిలుస్తారు. ఆవిడకి వీళ్ళు తప్ప ఎవరూ లేరు. నర్సు బీపీ చూసి వస్తుంది. టైలరమ్మ చొక్కాలకి బొత్తాలు కుట్టే పని ఇచ్చి, ఊరికే కూచోకుండా చూస్తుంది. పొంతనక్క ఆదివారం పూట వెళ్ళి కబుర్లు చెప్తుంది.

పిన్నికి తెలియని విషయం ఒకటి ఈ ముగ్గురికీ తెలుసు. ముప్పై ఒక్క ఏళ్ళుగా తమలో తాము కూడా దాని మాట ఎత్తలేదు. పిన్ని ఉన్నన్నాళ్ళూ ఎత్తకూడదన్నది ఒట్టు.

అలాంటి మనిషి నెత్తిమీదకి ఒక సీరియల్ వచ్చి పడింది.

డైరెక్టరు ఆడమనిషే. నలభై ఉంటాయి. గలగలా మాట్లాడుతుంది, చేతిలో ఎప్పుడూ సగం కొరికిన బిస్కెట్టు ఉంటుంది. ఆవిడ ఛానెలు వాళ్ళ దగ్గరికెళ్ళి, "అత్తాకోడళ్ళు వద్దు. ముగ్గురు ఆడవాళ్ళు, ప్రాణస్నేహితులు. ముగ్గురూ కలిసి ఒక రహస్యం దాస్తుంటారు. రోజుకొక ముడి బిగుస్తుంది" అని చెప్పి ఒప్పించుకొచ్చింది. పోస్టర్లు వేశారు. ముగ్గురు హీరోయిన్లు పెదవుల మీద వేలు పెట్టుకుని బస్సుల వెనక ఊరంతా తిరిగారు. సాయంత్రం ఆరున్నరకి టైము ఇచ్చారు, తేదీ ఇచ్చారు. అంతా బాగానే ఉంది. రహస్యం ఏమిటన్నదొక్కటే ఎవరికీ తెలీదు.

అవును మరి. ముందు మొదలుపెట్టేసి వెనకాల రాసుకుంటూ రావడం అక్కడ మామూలే. పన్నెండు ఎపిసోడ్లు తీశారు. ముగ్గురు హీరోయిన్లూ మొహమొహాలు చూసుకుని "అది బయటపడితే మన బతుకులేం కాను" అంటారు. "ఆ రోజు గురించి ఎత్తకు" అంటారు. ఏ రోజో అన్నవాళ్ళకీ తెలీదు, రాసినవాళ్ళకీ తెలీదు. పెద్ద హీరోయిను ఒకరోజు టేకు మధ్యలో ఆగిపోయి, "మేడం, నేను దేనికి భయపడుతున్నానో కొంచెం చెప్తారా. మొహం దానికి తగ్గట్టు పెట్టుకుంటాను" అంది.

"ప్రస్తుతానికి మామూలుగా భయపడమ్మా" అంది డైరెక్టరు.

అందరికంటే అవస్థ పొంతనక్కది. చేతిలో కప్పుకి పొంతన కుదర్చగలదు గానీ, లేని కారణానికి ఎలా కుదురుస్తుంది? ఆవిడ పుస్తకంలో ప్రతి సీను పక్కనా "ఎందుకు" అని ఒక గడి ఉంటుంది. పన్నెండు ఎపిసోడ్లకీ ఆ గడి ఖాళీ. రాత్రి అన్నం తింటుంటే కూడా ఆ ఖాళీలు పంటికింద రాయిలా తగిలేవి.

పదమూడో ఎపిసోడులో ముడి విప్పకపోతే సీరియల్ ఆపేస్తామని ఛానెలావిడ కబురు పెట్టింది. పొద్దున్నే కథాగదిలో అందరూ కూచున్నారు. తెల్లబోర్డు, నలుగురు రైటర్లు, చల్లారిన టీలు.

"హత్య చేశారందాం" అన్నాడు ఒక రైటరు.

"ఎవర్ని?"

"మగాణ్ణి."

"పన్నెండు ఎపిసోడ్లలో మగాడేడి నాయనా, పోస్టుమాన్ తప్ప?"

"పోస్టుమాన్నే చంపారందాం."

"మొన్నేగా వచ్చి ఉత్తరమిచ్చి వెళ్ళాడు. చచ్చి ఇచ్చాడా?"

డైరెక్టరు బోర్డు తుడిచేసి పొంతనక్క వైపు తిరిగింది. "అక్కా, నీ పుస్తకం తియ్యి. వీళ్ళు ఎప్పుడెప్పుడు ఎలా భయపడ్డారో చదువు. దాన్నిబట్టి వెతుక్కుందాం."

పొంతనక్క కళ్ళజోడు పెట్టుకుని చదివింది. మూడో ఎపిసోడులో వాన చప్పుడు వినగానే ముగ్గురూ మాట ఆపేశారు. ఐదులో ఒక ముసలావిడ తలుపు కొడితే ముగ్గురూ ఒకేసారి లేచి నిలబడ్డారు. ఎనిమిదిలో మేడమెట్లు ఎక్కుతూ రెండో ఆవిడ సగంలో ఆగి దిగిపోయింది. పదిలో పొయ్యి వెలిగిస్తే పెద్దావిడ మొహం తిప్పుకుంది. చదువుతూ చదువుతూ ఆగిపోయింది. ఇవన్నీ ఎవరికి తోచినట్టు వాళ్ళు చేసినవే. ఆ రోజు మెట్ల మీద ఆ నటికి కాలు పట్టేసింది, అంతే. కానీ వరసగా చదివితే ఆవిడకి ఒకటే కనిపించింది.

"ఒక అమ్మాయి చనిపోయి ఉంటుంది" అంది.

"వీళ్ళు చంపారా?"

"లేదు. తనే పోయింది. ఉత్తరం రాసి పెట్టి పోయింది. వీళ్ళు ఆ ఉత్తరం కాల్చేసి, వాళ్ళమ్మకి మాత్రం కాలుజారి పడిందని చెప్పారు. ఆవిడ తట్టుకోలేదని."

డైరెక్టరు చేతిలో బిస్కెట్టు బల్లమీద పెట్టేసింది. "అక్కా, ఇన్నేళ్ళు ఆ స్టూలు మీద కూచుని ఏం చేస్తున్నావు నువ్వు" అంది.

ఎందుకు చెప్పిందంటే ఏమని చెప్తాం. ఖాళీ గడి చూసి ఊరుకోలేని మనిషి. ఇంకోటి కూడా ఉంది. ఇరవై ఆరేళ్ళలో ఆ గదిలో ఎవరూ ఆవిణ్ణి కథ అడగలేదు.

జరిగింది కూడా అదే. ఆ నాలుగో అమ్మాయిని గిలక అనేవాళ్ళు. పొద్దున లేచింది మొదలు నూతి గిలకలా కిచకిచమంటూనే ఉండేది. చివరి నెలలో ఆ కిచకిచ తగ్గింది. ముగ్గురూ గమనించారు, పని ఎక్కువైందేమో అనుకున్నారు. ఒక సాయంత్రం, సన్నగా తుంపర పడుతుంటే, పైన డాబా మీద ఆరేసిన బట్టలు తీసుకొస్తానని వెళ్ళింది. మళ్ళీ దిగిరాలేదు. పైకెళ్ళి చూస్తే డాబా తలుపు లోపల, తడవకుండా, గోడకి ఆనించి నిలబెట్టి ఉన్నాయి చెప్పులు. రెండూ మడమల మీద నిలబడి, ముక్కులు పైకి. గిలక ఎక్కడికెళ్ళినా అలాగే పెట్టేది. వాళ్ళమ్మ నేర్పింది, నీళ్ళు నిలవకుండా. ఒక చెప్పు కింద మడిచిన ఉత్తరం.

దాన్ని విప్పి చదివింది పొంతనక్కే. మిగతా ఇద్దరికీ వినిపించింది కూడా తనే, ఒకే ఒక్కసారి. నర్సు పొయ్యి వెలిగించింది. ఆ తర్వాత ఎవరూ చెప్పకుండానే పొంతనక్క చెప్పులు తీసుకెళ్ళి ఒకటి పిట్టగోడ దగ్గర తడిలో పడేసింది, ఇంకొకటి కింద వీధిలో పెట్టింది. అప్పటికి ఆవిడకి షూటింగంటే ఏమిటో కూడా తెలీదు.

పిన్ని వచ్చింది. ఆ చెప్పులు చూసి, "ఇవి నావే. నేనిచ్చానే, అరిగిపోయినవి" అంది. అడుగు నున్నగా అరిగిన చెప్పులు కూతురికిచ్చి, తడి నేలమీద చంపుకున్నాననే మాట ఆ రోజు పుట్టింది. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆ మాట పిన్ని నోట వింటూనే ఉన్నారు ముగ్గురూ. ప్రతిసారీ "నీ తప్పేముంది పిన్నీ" అంటూనే ఉన్నారు.

సీరియల్ కథలో పొంతనక్క చాలా మార్చింది. గిలకని కొత్త పెళ్ళికూతురు చేసింది. మేడని నది వంతెన చేసింది. ఇక ఎవరు పోలుస్తారులే అనుకుంది. ఉత్తరం కూడా ఆవిణ్ణే రాయమన్నారు. మొదటిసారి రాసినప్పుడు, గుర్తున్నంతవరకు ఆ మాటలే రాసింది. మధ్యలో రెండుసార్లు లేచి మొహం కడుక్కుంది. ఛానెలావిడ చదివి, "తల్లి మీద నింద వద్దు, చూసేవాళ్ళంతా తల్లులే" అంది. మార్చింది. "పొడుగైంది" అంది. కుదించింది. "అసలు ఆ స్నేహితురాళ్ళ మీదే ఏదైనా ఉంటే, దాచడానికి కారణం దొరుకుతుంది కదా" అన్నాడు పోస్టుమాన్ని చంపుదామన్న రైటరు. అదీ చేర్చింది. ఇలా ఏడుసార్లు. కంప్యూటర్లో ఒకే పేజీ మీద దిద్దుకుంటూ పోయింది. పాతది చెరిపి కొత్తది, కొత్తది చెరిపి ఇంకా కొత్తది. నాలుగోసారికి మొహం కడుక్కోవలసిన అవసరం రాలేదు. ఏడోసారికి, నిజం చెప్పాలంటే, కొంచెం గర్వంగానే ఉంది. "ఉత్తరంలో ఈ బట్టల ముక్క ఎంత సహజంగా ఉంది, ఎవరు రాశారు?" అని ఛానెలావిడ అడిగితే, "నేనే" అంది.

ఇక షూటింగు రోజు. వంతెన చివర మెట్ల దగ్గర సెట్టు మనిషి చెప్పులు పెట్టాడు. ఒకటి బోర్లా, ఒకటి వెల్లకిలా. కెమెరా సిద్ధమైంది. "రోల్" అనబోతుంటే పొంతనక్క స్టూలు మీంచి లేచింది.

"అలా కాదు" అంది.

వెళ్ళి వంగి, చెప్పులు రెండూ గోడకి ఆనించి, మడమల మీద నిలబెట్టి, ముక్కులు పైకి పెట్టి వచ్చింది. ఎందుకు లేచిందో తనకే తెలీదు. తప్పుగా ఉన్న వస్తువుని సరిచెయ్యడం ఆవిడకి తుమ్ము లాంటిది. వచ్చాక ఆగదు. కెమెరామాన్ కన్ను పెట్టి చూసి, "అబ్బ, భలే ఉందక్కా. మనిషే నిలబడ్డట్టుంది" అన్నాడు. దగ్గరగా ఇంకో షాటు కూడా తీశాడు. పొంతనక్క పుస్తకంలో రాసుకుంది: చెప్పులు, గోడకి, నిలువుగా.

పదమూడో ఎపిసోడు వేసే రోజు మధ్యాహ్నం ఎడిటింగు గదిలో కూచుని చూస్తుంటే ఆ చెప్పులు తెరంతా నిండాయి. అప్పటికి అర్థమైంది ఏం చేసిందో. పిన్ని గుమ్మంలో చెప్పులు ఇప్పటికీ అలాగే ఉంటాయి.

"ఆ షాటు తీసెయ్ నాయనా" అంది ఎడిటరుతో.

"పొద్దున్నే ఛానెలుకి వెళ్ళిపోయిందక్కా. అయినా ఎపిసోడు మొత్తానికి అదే మంచి షాటు."

పొంతనక్క సంచీ భుజాన వేసుకుని బస్సెక్కింది. పిన్ని సీరియల్ మానదు. కథ కోసం కాదు. మొదట్లో పేర్లు పడతాయి కదా, వాటిలో కింది వరసలో పొంతనక్క పేరు రెప్పపాటు కనిపిస్తుంది. దానికోసం కూచుంటుంది. పేరు పడ్డాక ఎలాగూ కూచున్నాం కదా అని కథ కూడా చూస్తుంది. ఎలాగైనా ఇవాళ ఒక్కరోజు చూడకుండా చెయ్యాలి.

వెళ్ళేసరికి ఆరుంపావు. పిన్ని కుర్చీలో కూచుని టైలరమ్మ పంపిన చొక్కాలకి బొత్తాలు కుడుతోంది. డెబ్బై ఏడేళ్ళు. సూదిలో దారం ఇప్పటికీ తనే ఎక్కించుకుంటుంది.

"ఆదివారం కాదుగా ఇవాళ. షూటింగు లేదా?"

"లేదు పిన్నీ. పద, అలా పార్కు దాకా వెళ్ళొద్దాం. గాలి బాగుంది."

"ఆరున్నరకి నీ పేరొస్తుంది కదే. చూసి వెళ్దాం."

"నా పేరు రోజూ వచ్చేదేగా."

"రోజూ చూసేదే."

పొంతనక్క టీవీ వెనక్కి వెళ్ళింది. తీగ పట్టుకుంది.

"అక్కడేం చేస్తున్నావే?"

"దుమ్ము పట్టింది పిన్నీ."

"ముప్పై ఏళ్ళలో ఒక్కరోజు చీపురు ముట్టలేదు, ఇవాళ దుమ్ము కనిపించిందా. అడ్డం లే, మొదలైపోయింది."

లేచింది. వచ్చి పిన్ని పక్కన ముక్కాలిపీట మీద కూచుంది. పేర్లు పడ్డాయి. "అదిగో" అంది పిన్ని. కథ నడిచింది. వాన, వంతెన, పరుగెత్తే అమ్మాయి కాళ్ళు. ఆ తర్వాత గోడకి నిలబడ్డ చెప్పులు.

పిన్ని చేతిలో సూది ఆగింది. సబ్బు ప్రకటన వస్తుండగా అడిగింది.

"అలా పెట్టమని ఎవరు చెప్పారు?"

"నేనే పిన్నీ. నీ గుమ్మంలో ఎప్పుడూ చూస్తాను కదా. అదే గుర్తొచ్చింది." అబద్ధం అంత తేలిగ్గా వచ్చేసరికి ఊపిరి పీల్చుకుంది.

పిన్ని తలూపింది. ఇంకో కుట్టు వేసింది. "పాపం ఆ పిల్ల కావాలనే వెళ్ళింది. అందుకే విడిచి వెళ్ళింది."

"ఊఁ."

"నాకు ఒకటి ఎప్పుడూ అర్థం కాదు. గిలక తడి ఉంటే చెప్పులు వేసుకోదు. చిన్నప్పుడు జారి పడితే నేనే కొట్టి మాన్పించాను. ఆ రోజు తుంపర పడుతోందన్నారు మీరు. మరి చెప్పులేసుకుని బట్టల దాకా ఎందుకెళ్ళింది?" సూదిని చొక్కాకి గుచ్చి పక్కన పెట్టింది. "అడుగుదామనుకునేదాన్ని. మీ మొహాలు చూసి ఊరుకునేదాన్ని. నా చెప్పులదే తప్పని సరిపెట్టుకున్నాను. దేనికో ఒకదానికి సరిపెట్టుకోవాలి కదా."

ముప్పై ఒక్క ఏళ్ళు. ముగ్గురు కలిసి అల్లిన కథలో పొంతన కుదరని చోటు ఈ ముసలావిడ మొదటిరోజే పట్టుకుంది.

పొంతనక్క నోరు తెరిచింది. మొదట మెల్లిగా, తర్వాత ఆపుకోలేనట్టు మొత్తం చెప్పేసింది. తలుపు లోపల చెప్పులు, ఒకటి తీసి పిట్టగోడ దగ్గర పడెయ్యడం, పొయ్యి. టీవీలో సీరియల్ మళ్ళీ మొదలై అయిపోయింది కూడా. పిన్ని ఏడవలేదు. గోడవంక చూస్తూ విన్నది.

"ఉత్తరం రాసిందా" అంది చివరికి.

"రాసింది పిన్నీ."

"కాల్చేశారు."

"నువ్వు తట్టుకోలేవని."

"నువ్వు చదివావు కదా."

"చదివాను. వాళ్ళిద్దరికీ వినిపించింది నేనే."

"అయితే నాకూ వినిపించు."

దానికి పొంతనక్క సిద్ధంగానే ఉంది. ఆ మాత్రం బాకీ ఉందని తెలుసు. కళ్ళు మూసుకుంది. మొదటి వాక్యం నాలుక మీదకి వచ్చింది. తీరా చూస్తే అది ఛానెలావిడ చేర్పించిన వాక్యం. పక్కకి నెట్టి రెండోది వెతికింది. అది మూడోసారి దిద్దినప్పుడు తనే నప్పేలా కలిపింది. దాని వెనక వెతికింది. దాని వెనక ఏమీ లేదు. గిలక చేతిరాత గుర్తుంది. నీలం సిరా గుర్తుంది, కాగితం కుడి అంచు చిరిగి ఉండటం గుర్తుంది. అక్షరాలున్న చోట మాత్రం ఏడుసార్లు తను రాసిందే కనిపిస్తోంది.

"గుర్తు రావట్లేదు పిన్నీ."

పిన్ని ఆవిడవంక తిరిగి చూసింది. "పోయినేడు నేను కాఫీ ఏ గ్లాసులో ఇచ్చానో చెప్తావే నువ్వు."

"నిజంగా రావట్లేదు పిన్నీ."

"మొన్నటిదాకా ఉందా?"

మొన్నటిదాకా ఉంది. కంప్యూటర్లో మొదటిసారి రాసిన రోజు దాకా ఉంది.

మర్నాడు ఉత్తరం ఎపిసోడు కూడా వచ్చింది. హీరోయిను చదువుతుంటే ఊరంతా ఏడ్చిందట. సీరియల్ నిలబడింది. ఆ మర్నాడు డైరెక్టరు సెట్టులో అందరి ముందూ పొంతనక్కని కౌగిలించుకుంది. ఆ సాయంత్రం టైలరమ్మ కొట్టుకి రమ్మని నర్సు ఫోను చేసింది.

కొట్టులో మిషను ఆగి ఉంది. టైలరమ్మ మొహం ఎత్తలేదు. ఎదుట పిన్ని వెనక్కి పంపిన బొత్తాల మూట ఉంది.

"మన గదిని తీసుకెళ్ళి ఎవరి బోర్డుల మీదో రాయించొచ్చావు" అంది. "ఒక్క మాట మమ్మల్ని అడిగావా?"

"అడిగితే వద్దంటారని."

"వద్దంటారని తెలుసన్నమాట."

నర్సు మధ్యలోకి వచ్చింది. "అయిందేదో అయింది. ముందు ఉత్తరం సంగతి చూద్దాం, పెద్దావిడ దానికోసం అలా కూచునుంది. నాకు గుర్తున్నది ఇది. ఇంటికొచ్చేస్తానంటే అమ్మ ఇంకో నెల ఆగమంది అని ఉంది. అందుకేగా కాల్చాం, ఆవిడ గుండె ఆగిపోతుందని."

"అదేం లేదు" అంది టైలరమ్మ. "మూడు రోజుల నుంచి ముగ్గురూ నాతో మాట్లాడట్లేదు అని ఉంది. నాకు బాగా గుర్తు."

"అది నిన్నటి ఎపిసోడులోది."

"నిన్నటి ఎపిసోడుకి ముప్పై ఏళ్ళ ముందు నుంచి నేను దాంతోనే పడుకుని లేస్తున్నాను."

ఇద్దరూ పొంతనక్క వంక చూశారు. ఇలాంటప్పుడు ఎప్పుడూ ఆవిణ్ణే అడుగుతారు, ఎవరి మాట సరైందని. మూడు రోజులు మాట్లాడకపోవడం నిజం. నీళ్ళ బకెట్టు దగ్గర వచ్చిన గొడవ. అది గదిలో జరిగిందని తెలుసు. ఉత్తరంలో ఉందా లేదా అన్నది తెలీదు. ఉంటే, కాల్చింది పిన్ని కోసమా తమ కోసమా? ఆ రోజు పొయ్యి దగ్గర పిన్ని పేరు ఎత్తింది ఎవరు? ఎత్తారా అసలు? అదీ సీరియల్లోదేనా?

"నాకు తెలీదు" అంది.

"నీకు తెలీకపోవడమేంటే" అంది నర్సు. ఆవిడ గొంతులో కోపం కంటే భయం ఎక్కువుంది. ఆ తర్వాత నెమ్మదిగా, "ఏదో ఒకటి మంచిగా రాసిచ్చెయ్. నీకు చేతనవుతుందిగా. ప్రశాంతంగా పోతుంది" అంది.

టైలరమ్మ మిషను తొక్కడం మొదలుపెట్టింది. ఆ చప్పుడులో ఇంకేం మాట్లాడుకోవడం కుదరలేదు. ఆ తర్వాత ఆ కొట్టుకి పొంతనక్క వెళ్ళలేదు, రమ్మని ఎవరూ పిలవలేదు.

పిన్ని మాత్రం రావద్దనలేదు. ఆదివారం వెళ్ళేసరికి బల్లమీద తెల్లకాగితం, పెన్సిలు పెట్టి ఉంది. "తొందరేం లేదు. వచ్చినంతవరకే రాయి" అంది. పొంతనక్క రెండు గంటలు కూచుంది. పిన్ని ఎదురుగా ఖాళీ చేతులతో కూచుంది. ఆ చేతులు చూడటం కష్టమైంది. వేళ్ళు అప్పుడప్పుడు లేని సూది పట్టుకున్నట్టు కలుస్తున్నాయి.

"వచ్చిందా ఏమైనా?"

"లేదు పిన్నీ."

"సరేలే. పై వారం చూద్దాం."

రెండో ఆదివారం అంతే. మూడోది అంతే. సెట్టులో పొంతనక్క పనిలో తప్పులు దొర్లుతున్నాయి. గ్లాసు ఖాళీ అయి మళ్ళీ నిండింది, ఎవరూ చూడలేదు. తీరా టీవీలో వచ్చాక జనం నవ్వారు. డైరెక్టరు ఏమీ అనలేదు, "సెలవు తీసుకో అక్కా" అంది. సెలవంటే ఇంట్లో కూచోవడం. ఇంట్లో కూచుంటే ఆ కాగితమే.

నర్సు చెప్పినట్టు రాసిచ్చెయ్యాలని రెండుసార్లు అనిపించింది. అమ్మా, నీ తప్పేం లేదు అని ఒక్క వాక్యం. రాయడం ఎంతసేపు. కానీ అది ఎనిమిదోసారి తిరగరాయడమే అవుతుందని తెలుసు. అది తెలిసిన చెయ్యి ముందుకు కదల్లేదు.

ఐదో ఆదివారం బస్సులో కూచుని ఉండగా వచ్చింది. వెతక్కుండానే, గిలక గొంతుతో సహా. "నీ నీలం చొక్కా ఇంకా ఆరలేదు, అందుకని తీగ మీదే ఉంచాను." అంతే. ఉత్తరం మధ్యలో, ఎవరి చొక్కా గురించో, అంత పెద్ద మాటల మధ్య అంత చిన్న మాట. కథలు రాసేవాళ్ళెవరికీ తట్టే మాట కాదిది. గిలకదే. బస్సు దిగి దాదాపు పరిగెత్తింది.

పిన్ని తలుపు తియ్యగానే, చెప్పకుండా, బల్ల దగ్గరికెళ్ళి నిలబడే రాసింది. కాగితం పిన్ని చేతిలో పెట్టింది. పిన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చదువుకుంది. మళ్ళీ చదువుకుంది.

"ఇది టీవీలో వచ్చిందిగా తల్లీ" అంది.

పొంతనక్క నిలబడ్డచోటే కూచుంది. వచ్చింది. హీరోయిను ఈ వాక్యం దగ్గరే ఆగి కళ్ళు తుడుచుకుంది. బట్టల ముక్క. ఎంత సహజంగా ఉంది, ఎవరు రాశారు అని ఛానెలావిడ అడిగింది ఈ వాక్యం గురించే.

"గిలక రాసిందా, నువ్వు రాశావా?"

పిన్ని గొంతులో నిష్ఠూరం లేదు. తెలుసుకోవాలని అడిగింది, అంతే. ముప్పై ఒక్క ఏళ్ళకి కూతురి దగ్గర్నుంచి ఒక్క మాట చేతికొచ్చింది, అది కూతురిదో కాదో చెప్పగలిగిన మనిషి లోకంలో ఒక్కతే ఉంది.

"తెలీదు పిన్నీ" అంది పొంతనక్క.

పిన్ని కాగితం నాలుగు మడతలు పెట్టింది. పారెయ్యలేదు. దాచుకోనూ లేదు. కిటికీ గట్టు మీద పెట్టి దాని మీద నీళ్ళ గ్లాసు పెట్టింది, ఎగిరిపోకుండా. కిటికీ బయటికి తిరిగింది.

"వచ్చే ఆదివారం నాకు పనుంది" అంది అటు తిరిగే. "ఆ పై వారం కూడా."

బొత్తాల మూట కూడా వెనక్కి పంపేసిన మనిషికి పనేముంటుందో ఇద్దరికీ తెలుసు. పొంతనక్క లేచి, సంచీ తీసుకుని, తలుపు చప్పుడు కాకుండా దగ్గరగా వేసి మెట్లు దిగింది.